కట్ట ఎవరిది

లైనింగు గుడ్డ తడిపి ఆరేయకుండా కుట్టేసే టైలర్లు లోకంలో చాలామందే ఉన్నారు. అలాంటివాళ్ళు కుట్టిన చొక్కా మొదటి ఉతుకులోనే లోపల కుంచించుకుపోయి, పైన ముడతలు పడి, తొడుక్కున్నవాణ్ణి పెళ్ళివారింట్లో నవ్వులపాలు చేస్తుంది. కింది వీధి టైలరమ్మ ఆ బాపతు కాదు. ఎంత తొందర పనైనా తెల్ల గుడ్డని ముందురోజే నానబెట్టాల్సిందే. దానికి ఆమె కుళాయి నీళ్ళు వాడేది కాదు. పెరటి వెనక ఊట ఉంది.

ఊట అంటే బావేమీ కాదు. ఇంటి వెనక పాతిక గజాల దూరంలో పెద్ద మట్టికట్ట లేస్తుంది. దాని పాదం దగ్గర గడ్డిలోంచి వేలెడు లావున నీళ్ళు కారుతుంటాయి. కట్టకి అవతల చెరువు, చెరువు చుట్టూ కాస్త బాగా బతికినవాళ్ళ ఇళ్ళు. ఇవతల పల్లంలో కింది వీధి, ఇరవై ఇళ్ళు. పైవాళ్ళకి పడవలూ ఈతా సాయంత్రం గాలీ. కిందివాళ్ళకి గుడ్డలు తడుపుకోవడానికి ఊట. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పంపకం, ఎవరూ పేచీ పెట్టలేదు.

ఆ రోజు బకెట్లోంచి తీసిన గుడ్డ తెల్లగా లేదు. లేత టీ రంగు పట్టింది. పిండితే వేళ్ళకి సన్నని మట్టి తగిలింది. టైలరమ్మ బకెట్ కడిగి మళ్ళీ పట్టింది. మళ్ళీ అదే. మర్నాడు కొత్త బకెట్ తెచ్చి, దాంట్లో కొత్త గుడ్డ ముక్క వేసి చూసింది. రంగు ఇంకాస్త చిక్కబడింది.

"కళ్ళజోడు తుడుచుకోవే ముందు," అంది వెనకగదిలోంచి అత్తగారు. ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు. తుంటి విరిగిన దగ్గర్నుంచీ మంచం మీదే ఉంటుంది. ఉన్నచోటు నుంచే వీధి వ్యవహారమంతా నడుపుతుంది. లారీ మీద తిరిగే కొడుకు నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప, కాబట్టి ఆవిడ నోటికీ ఒంటికీ కూడా కోడలే దిక్కు.

"కళ్ళజోడు శుభ్రంగానే ఉంది అత్తయ్యా. ఊటే మురికిగా ఉంది."

"ముప్ఫై ఏళ్ళలో లేని మురికి ఇప్పుడెక్కణ్ణుంచి వస్తుంది?"

టైలరమ్మని భయపెట్టింది సరిగ్గా ఆ ప్రశ్నే. మట్టి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆమె ఊట దగ్గర నుంచుని తలెత్తి చూసింది. మట్టి రావడానికి అక్కడ కట్ట తప్ప ఇంకేమీ లేదు.

ఆనకట్టల ఆఫీసుకి ఫోన్ చేస్తే ముగ్గురి దగ్గర తిప్పి చివరికి ఒక ఆడపిల్ల గొంతు దగ్గర ఆపారు. నాలుగో రోజు ఆ గొంతు మోకాళ్ళ దాకా బూట్లేసుకుని, చేత్తో పొడవాటి ఇనప ఊచ పట్టుకుని వచ్చింది. ఇంజనీరమ్మాయి అంటే నమ్మబుద్ధి కాని వయసు. కానీ ఊట దగ్గర చతికిలబడి, నీళ్ళలో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రాసి చూసేసరికి ఆ పిల్ల ముఖం పదేళ్ళు పెద్దదైపోయింది.

"నీళ్ళు కారడం జబ్బు కాదమ్మా. మట్టికట్ట అన్నాక కాస్త కారుతుంది. మట్టి కారడమే జబ్బు," అంది. "లోపల చిన్న దారి పడింది. నీళ్ళు రోజూ కాస్త కాస్త మట్టి మోసుకొచ్చి ఆ దారిని పెద్దది చేసుకుంటున్నాయి. బయటికేమీ కనబడదు. ఒకరోజు పైనుంచి కూలుతుంది."

"ఎప్పుడు?"

"అది తెలిస్తే నేను ఇంజనీరు ఎందుకవుతాను, జ్యోతిష్యం చెప్పుకునేదాన్ని. చెరువు నిండితే తొందరగా, తగ్గిస్తే ఆలస్యంగా. వానలు ఐదు వారాల్లో వస్తాయి."

ఇద్దరూ కట్ట ఎక్కారు. ఒక చివర చెరువు పొంగితే నీళ్ళు బయటికి పోవడానికి రాతితో కట్టిన అలుగు ఉంది. దానికి అడ్డంగా మూడు మందపాటి చెక్కపలకలు బిగించి ఉన్నాయి. ఇంజనీరమ్మాయి వాటిని బూటుతో తట్టింది.

"ఇవెవరు పెట్టారు?"

"మా అన్నయ్య. పడవలు అద్దెకి తిప్పుతాడు. పలకలు ఎప్పుడూ ఉంటాయి. పాతవి కుళ్ళితే కొత్తవి వేస్తుంటాడు. పడవలెక్కే రేవుకి నీళ్ళందాలి కదా."

"నీళ్ళు బయటికి పోయే దారమ్మా ఇది. దీనికి తలుపేసి గొళ్ళెం పెట్టారు." ఆ పిల్ల కాగితం తీసింది. "ముందు ఈ పలకలు తీయాలి. తర్వాత గొట్టాలు పెట్టి చెరువుని ఇంకో ఆరడుగులు దించాలి. అప్పుడు ఊట దగ్గర ఇసుకా కంకరా పొరలుగా పరిచి మట్టిని ఆపాలి. ఓనరు సంతకం పెడితే మనుషుల్నీ సామాన్నీ మా ఆఫీసే పంపిస్తుంది. ఓనరు ఎవరు?"

టైలరమ్మ ముప్ఫై ఏళ్ళు ఆ కట్ట నీడలో బతికింది గానీ ఆ సంగతి ఆమెకి తెలీదు.

"ఓనరు లేకపోతే?"

"ప్రైవేటు కట్ట. నేను చెయ్యి వేయకూడదు. ఓనరు తెలియని కట్టల జాబితాలో రాస్తాను. మీకన్నా ముందు నూట నలభై ఉన్నాయి," అని ఆ పిల్ల గొంతు తగ్గించింది. "కనుక్కోండమ్మా. ఎలాగైనా కనుక్కోండి."

కనుక్కోవడం మాటలు కాదు, కానీ టైలరమ్మకి ఒక సదుపాయం ఉంది. పైనున్న ఇళ్ళన్నిటికీ పరదాలు కుట్టేది ఆమే. ఏ ఇంట్లో ఏ కిటికీ ఎంత వెడల్పో, ఏ ఇంట్లో మొగుడూ పెళ్ళాం విడి గదుల్లో పడుకుంటారో ఆమెకి తెలుసు. టేపు మెళ్ళో వేసుకుని, పరదాల వంకన ఇల్లిల్లూ ఎక్కింది. స్టూలు మీద నుంచుని కిటికీ కొలుస్తూ, అడగనట్టే అడిగింది.

"ఈ చెరువు ఎవరిదండీ?"

"మనందరిదీ!" అన్నారు, ఒకరి తర్వాత ఒకరు, కిటికీలోంచి దాన్ని చూసి మురిసిపోతూ.

"మరి కట్ట?"

అక్కడ గొంతులు మారిపోయేవి. ఒకాయనకి అర్జెంటుగా ఫోను గుర్తొచ్చింది. ఒకావిడ కుక్కని పిలిచింది. కట్ట ప్రభుత్వానిదేమో అన్నారు ఒకరు, చెరువు కట్టించిన క్వారీ పెద్దాయనదేమో అన్నారు ఇంకొకరు. ఆయన పోయి పదహారేళ్ళయింది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ. నీళ్ళమీద పడవెక్కేటప్పుడు మనది, నీళ్ళని మోసే మట్టి దగ్గరికొచ్చేసరికి నాది కాదు. టైలరమ్మకి ఒళ్ళు మండింది. మండినా కొలతలు మాత్రం సరిగ్గానే రాసుకుంది.

తొమ్మిదో ఇల్లు సెక్రటరీ గారిది. ఒకప్పుడు అక్కడ పడవల సంఘం ఉండేది, దానికి ఆయన కార్యదర్శి. సంఘం పోయినా పిలుపు మిగిలింది. మిగతావాళ్ళలా ఆయన నీళ్ళు నమలలేదు. ఛాతీ విరుచుకున్నాడు.

"నాది కాదు. నాది కాదనడానికి రుజువు కూడా ఉంది," అని బీరువా తీసి, అట్ట ఊడిన ఫైలొకటి టేబుల్ మీద పడేశాడు. "చూసుకో. నా రాజీనామా కాపీ. ముద్రతో సహా."

టైలరమ్మ నుంచునే చదివింది. క్వారీ పెద్దాయన చెరువునీ కట్టనీ సంఘం సభ్యులకి రాసిచ్చాడు. సంఘం ఎత్తేస్తే పట్టీలో ఎవరి పేరు మిగిలి ఉంటే కట్ట వాళ్ళది. పట్టీలో పదకొండు పేర్లు. పద్నాలుగేళ్ళ కిందట కట్ట బాగోగుల గురించి ఏదో నోటీసు వచ్చిన వారంలో, ఒకే తేదీన, పది పేర్ల మీద ఎర్రసిరాతో గీతలు. ఏరు దాటాక తెప్ప తగలేయడం వినే ఉంటారు. వీళ్ళు తెప్ప మీద ఒకణ్ణి వదిలేసి మరీ దిగిపోయారు.

గీత లేని పేరు ఆమె అన్నయ్యది.

"ఈ పేరెందుకు కొట్టెయ్యలేదు సెక్రటరీ గారూ?"

"ఆ సాయంత్రం అతను చెరువు మీద ఉన్నాడు. వచ్చాక చెబుదామనుకున్నాం. మర్చిపోయాం."

"పద్నాలుగేళ్ళు మర్చిపోయారా?"

సెక్రటరీ గారు పరదా రంగు గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆమె ఫైలుని టేపుతో పాటు సంచిలో పెట్టేసుకుంది. ఆయన చూసి కూడా అడగలేదు.

అన్నయ్య వయసు అరవై రెండు. అసలు వృత్తి వడ్రంగం. అమ్మా నాన్నా పోయినప్పుడు చెల్లెలికి తొమ్మిదేళ్ళు. ఉలీ సుత్తీ పట్టుకుని ఆమెని చదివించాడు, కుట్టు నేర్పించాడు, మొదటి మిషను తనే భుజాన వేసుకుని మోసుకొచ్చాడు. ఆ మిషను మీదే ఆమె కాపురం నిలబడింది. అలాంటి మనిషికి ఈ ఫైలు ఎలా చూపించాలా అని దారంతా నలిగిపోయింది. విరుచుకుపడతాడనుకుంది. భయపడతాడనుకుంది. ఆయన మాత్రం పడవల షెడ్డులో తారు డబ్బా పక్కన పెట్టి, కాగితాన్ని రెండుసార్లు చదివి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"నాదా? ఈ చెరువు నాదా?"

"కట్ట కూడా, అన్నయ్యా."

"నాదేనే!"

మర్నాటి నుంచీ ఇస్త్రీ చొక్కా వేసుకుని కట్ట మీద పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి పచార్లు మొదలుపెట్టాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. ఇన్నాళ్ళూ ఇతరులదనుకున్న చెరువులో పడవ తోసిన మనిషి కదా, ఆ సంబరం చూస్తే ఆమెకి జాలేసింది. వారం రోజులు నోరు మెదపలేకపోయింది. ఊట దగ్గర మాత్రం రోజూ ఒక తెల్లగుడ్డ ముక్క ముంచి, ఆరేసి, తేదీ కుట్టి పెట్టుకుంది. ఏడు ముక్కలు వరసగా పేర్చితే ఏడో ముక్క ఇటుకరాయి రంగుకి వచ్చింది.

ఎనిమిదో రోజున, ఫైలు చూసిన ఇంజనీరమ్మాయి అన్నయ్య పేర నోటీసు ఇచ్చింది. పదిహేను రోజుల్లో పలకలు తీయాలి, చెరువు దించడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. టైలరమ్మ గుడ్డముక్కలు పట్టుకుని అన్నయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన బోర్లించిన పడవ మీద నోటీసు పరిచి దానివైపే చూస్తున్నాడు.

"చెరువు దించడానికి ఒప్పుకుంటాను," అన్నాడు తల ఎత్తకుండా. "వానలకి మళ్ళీ నిండుతుంది. కానీ పలకలు తీయను."

"ముందు తీయాల్సింది అవే కదన్నయ్యా. పలకలుంటే ఒక్క వానకే మళ్ళీ అంచుల దాకా వస్తుంది. దించిన పనంతా నీళ్ళపాలు."

"అవి ఉండాల్సిందే."

"ఎందుకు?"

"ఉండాల్సిందే అంటున్నానుగా!"

ఆమె గుడ్డముక్కలు వరసగా పడవ మీద పేర్చింది. ఆయన చూశాడు. మొదటిది, ఏడోది. చూపు తిప్పేసుకున్నాడు. వడ్రంగికి చెక్కలో పుచ్చు కనిపెట్టడం వచ్చు, మట్టిలో పుచ్చు అంతకంటే కష్టమేమీ కాదు. అర్థమై కూడా మొండికేస్తున్నాడని ఆమెకి తెలిసిపోయింది. ఎందుకో మాత్రం తెలీలేదు.

"నిన్న అత్తయ్యని మంచం మీంచి కుర్చీలోకి మార్చి, వీధి చివర మెట్లెక్కించి చూశాను. పక్కింటివాళ్ళు సాయం పట్టారు. ఎంతసేపు పట్టిందో తెలుసా? ఇరవై రెండు నిమిషాలు. కట్ట తెగితే మా గుమ్మంలోకి నీళ్ళు రావడానికి రెండు నిమిషాలు చాలట. ఆవిడేమందో చెప్పనా? 'నువ్వు నన్ను మోసేలోపు నీళ్ళే మోసుకెళ్తాయిలే, శ్రమపడకు' అంది. నాకు నవ్వు రాలేదన్నయ్యా."

"నన్ను ఊరికే సతాయించకు."

"ఓనరంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని పచార్లు చేసేవాడు కాదు. కట్ట తెగితే జవాబు చెప్పేవాడు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆయన ముఖం ఎర్రబడింది. తారు బ్రష్షు డబ్బాలోకి విసిరికొట్టాడు.

"అంత తెలిసినదానివైతే నువ్వే తీసుకో! నీ పేర రాసిచ్చేస్తాను. నీ చెరువు, నీ కట్ట. నీ చేత్తోనే పీక్కో ఆ పలకలు! నా చేత మాత్రం పీకించకు."

కోపంలో అన్నమాట కోపంతోనే పోతుందని లోకం అనుకుంటుంది. ఇంకో చెల్లెలైతే ఏడ్చుకుంటూ వెళ్ళేది. టైలరమ్మకీ ఏడుపొచ్చింది, ఆమెని పెంచిన మనిషి అలా అరిస్తే ఏడుపు రాకుండా ఎలా ఉంటుంది. అయినా గుడ్డముక్కలు ఏరుకుని సంచిలో పెట్టుకుంది.

"రేపు పది గంటలకి రిజిస్ట్రారు ఆఫీసు తెరుస్తారు. గుర్తింపు కాగితాలు తెచ్చుకో," అంది.

ఆయన రాడేమోననుకుంది. వచ్చాడు. మాట అనేసి వెనక్కి తీసుకోవడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఇద్దరూ ఒకే బెంచీ మీద రెండు చివర్ల కూర్చున్నారు. గుమాస్తా కాగితం తిరగేసి మరగేసి, కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"ఈ కట్ట మీకెందుకమ్మా? నోటీసు కూడా ఉన్నట్టుందే దీనిమీద. పైన ఇల్లుందా మీకు?"

"కింద ఉంది."

ముద్ర వేసేముందు గుమాస్తా ఇంకోసారి చూశాడు, తప్పు కాగితం మీద వేస్తున్నానేమో అన్నట్టు. బయటికొచ్చాక అన్నయ్య ఆమె పక్కనుంచి నడిచి వెళ్ళిపోయాడు. "వస్తాను" అని కూడా అనలేదు. నలభై ఏళ్ళలో అలా జరగడం అదే మొదటిసారి.

ఇంటికెళ్ళి అత్తగారికి చెప్పింది.

"అయితే ఇప్పుడా కట్ట మన ఇంటిదా?"

"అవునత్తయ్యా."

"మా పుట్టింటివాళ్ళకి ఫోన్ చేసి చెప్పు. చెరువున్న ఇంటికి ఇచ్చారని తెలియక ఇన్నాళ్ళూ తెగ బాధపడ్డారు," అంది. తర్వాత చెయ్యి చాపి కోడలి మణికట్టు పట్టుకుంది. "భయంగా ఉందా?"

"ఉంది."

"ఉండనీ. కట్ట గురించి మొట్టమొదటిసారి ఎవరో ఒకరికి భయం వేసింది."

ఆ సాయంత్రమే టైలరమ్మ ఒప్పందం కాగితాల మీద సంతకం పెట్టింది. రెండ్రోజుల తర్వాత పొద్దున్నే ఇంజనీరమ్మాయి నలుగురు పనివాళ్ళతో, నల్లటి గొట్టాలతో వచ్చింది. మొదటి పలక టైలరమ్మే పీకింది, గునపంతో. మేకులు తుప్పుపట్టి రాలేదు. కొంగు నడుముకి దోపుకుని ఒంట్లో ఉన్న బలమంతా వేస్తే కిర్రుమని లేచింది. నీళ్ళు ఒక్కసారిగా అలుగు మీద దూకాయి. రెండోది పనివాళ్ళు తీశారు, మూడోది కూడా. ఎన్నేళ్ళుగానో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు చెరువు మెల్లగా దిగడం మొదలుపెట్టింది. కింద పాత కాలవ ఆ నీళ్ళని వీధికి దూరంగా మోసుకెళ్ళింది.

మర్నాడు పొద్దున గొట్టాలు బిగిస్తుండగా పైవాళ్ళు దిగారు, ఇరవై మంది దాకా. చెరువు అడుగుకు పైగా తగ్గింది. చెక్క రేవు కింద ఇనప కాళ్ళు నాచుతో బయటపడ్డాయి, చివరి మెట్టు నీటికి అందకుండా గాల్లో వేలాడుతోంది. దానికి కట్టిన పడవలు కింద ఎక్కడో అలిగి కూర్చున్నట్టున్నాయి.

"ఎవర్నడిగి తీశారు?" అన్నాడు సెక్రటరీ గారు.

"ఓనర్ని అడిగి," అంది టైలరమ్మ. "ఓనర్ని నేనే. నన్ను నేనే అడిగాను."

"ఈ పలకలు క్వారీ పెద్దాయన పెట్టించినవి! చెరువు కట్టినప్పటి ప్లానులోనే ఉన్నాయి. రేవు చూడండి, కావాలంటే. పద్దెనిమిదేళ్ళుగా నీళ్ళు సరిగ్గా చివరి మెట్టు దగ్గరే ఉంటాయి. అది లెక్కగట్టి చేసిన పని! దాన్ని పాడు చేస్తున్నారు. నేను రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తున్నాను." నిజంగానే కాగితం తెచ్చాడు. వెనక ఇరవై తలలు ఊగాయి.

ఇంజనీరమ్మాయి కాగితం చదివింది. టైలరమ్మని పక్కకి పిలిచింది. "ప్లానులో మార్పు అని ఎవరైనా రాసిస్తే నేను పని ఆపాలమ్మా. పాత ప్లాను తెప్పించి తేల్చాక మళ్ళీ మొదలుపెట్టాలి."

"ఎన్నాళ్ళు?"

"ఆరు వారాలు. ఎనిమిది కావచ్చు."

వానలకి ఇక మూడు వారాల్లోపే ఉంది. టైలరమ్మకి కాళ్ళ కింద మట్టి కదిలినట్టయింది. ఆ కట్ట మీద నుంచుని అలా అనిపించడంలో ఆశ్చర్యమేమీ లేదు. "ఆపను," అంది. "ఆపమని చెప్పండి, జైల్లో పెట్టమని చెప్పండి. గొట్టం మాత్రం తీయనివ్వను." నిజంగానే వెళ్ళి గొట్టం మీద కూర్చుంది. కూర్చుంది గానీ, ఆ పిల్ల ఉద్యోగం తన మొండితనంతో నిలవదని ఆమెకీ తెలుసు.

జనం వెనకనుంచి అన్నయ్య వచ్చాడు. ఎప్పటి నుంచి అక్కడున్నాడో ఎవరూ చూడలేదు. ఒంటిమీద ఇస్త్రీ చొక్కా లేదు, తారు మరకల పాత చొక్కా ఉంది. చెల్లెలి వైపు చూడకుండా సెక్రటరీ గారి ముందుకొచ్చి నుంచున్నాడు.

"ప్లానులో లేవండీ అవి," అన్నాడు.

"నీకేం తెలుసయ్యా?"

"పెట్టింది నేనే కాబట్టి తెలుసు." జనం వైపు తిరిగి అన్నాడు, ఈసారి అందరికీ వినబడేలా. "ఈ రేవు కట్టింది నేను. ఎండాకాలంలో కాళ్ళు పాతాను. కొలత తప్పాను. కాళ్ళు కాంక్రీటులో బిగిశాయి, పైన చెక్క పరిచేశాను. చెరువు నిండాక చూస్తే మెట్టు గాల్లో ఉంది. మర్నాడు ప్రారంభం. పెద్దాయన అతిథుల్ని పిలిచాడు. రేవు విప్పే టైము లేదు. అలుగుకి మూడు పలకలు అడ్డం వేశాను, ఆ ఒక్కరోజుకే అనుకుని. వాన పడింది. పొద్దున్నకి నీళ్ళు మెట్టుకి అందాయి."

కింద గొట్టాల దగ్గర పనివాళ్ళు పని ఆపి తలెత్తి చూశారు.

"పెద్దాయన నా భుజం తట్టాడు. కొలతంటే ఇదిరా అన్నాడు. ఆ రోజే నన్ను సంఘంలో చేర్పించాడు. ఇంక నేనేం చెప్పను? చెప్పుకి సరిపడా కాలు కోసుకున్నట్టు, రేవుకి సరిపడా చెరువుని పెంచాను. పలక కుళ్ళినప్పుడల్లా కొత్తది వేశాను. ఎవరూ చూడకుండా వేశాను." ఇంజనీరమ్మాయి వైపు తిరిగాడు. "రాసుకోండమ్మా. నేను సంతకం పెడతాను. ఆ పలకలు తప్పు. నాదే ఆ తప్పు."

ఆ పిల్ల రాసుకుంది. ఆయన సంతకం పెట్టాడు. సెక్రటరీ గారి కాగితం సెక్రటరీ గారి చేతికే తిరిగిచ్చేసింది. ఆయన దాన్ని ఏం చేయాలో తెలియక నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. జనం ఒక్కొక్కరే పలచబడ్డారు. వెళ్తూ వెళ్తూ రేవు వైపు చూసి ఎవరో నవ్వారు, ఇంకెవరో అందుకున్నారు. అన్నయ్య విన్నాడు. కదల్లేదు.

టైలరమ్మ గొట్టం మీంచి లేచి ఆయన దగ్గరికెళ్ళింది. తనకి తెలిసిన అన్నయ్య, కొలత తప్పితే చెక్కని పొయ్యిలో పెట్టేసే మనిషి, ఇన్నేళ్ళు ఈ ఒక్క తప్పు మీద కాపలా కాశాడు. ఆ కాపలా బరువెంతో తలుచుకుంటే ఆమెకి ఆయన మీద కోపం మిగల్లేదు. పక్కన నుంచుంది. కాసేపటికి గొట్టాల్లోంచి మొదటి నీళ్ళు బుడబుడమని బయటికొచ్చి, సర్దుకుని, నిండుగా పారడం మొదలుపెట్టాయి.

"కట్ట బాగయ్యాక పడవలు మళ్ళీ తిప్పుకోవచ్చట," అంది ఆమె. "రేవు కాస్త దించుకుంటే చాలట."

"దించుతాను. ఓనరమ్మ ఒప్పుకుంటే."

"ఒప్పుకుంది. ఎంత దించాలి? అడుగా?"

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. రేవు వైపు చూడలేదు, టేపు తీయలేదు.

"అడుగు కాదమ్మా," అన్నాడు. "పదమూడంగుళాలు."